ఈసీలో కనిపించని ఆడబిడ్డ

ప్రశ్న: నెల్లూరు లాంటి ఊళ్లో రియల్ ఎస్టేట్ ఏజెంట్ రోజు ఎలా గడుస్తుంది? స్థలం చూపించి కమీషన్ తీసుకోవడమేనా? ప్రైవేటు ఉద్యోగం మానేసి ఇందులోకి రావచ్చా?

స్థలం చూపించడం మా పనిలో పదో వంతు కూడా ఉండదండీ. మిగతా రోజంతా సంతకాల కోసం తిరగడమే.

నేను నెల్లూరులో పాత ఇళ్లు, అపార్ట్‌మెంట్ ఫ్లాట్లు అమ్మిపెడుతుంటాను. అంతకుముందు పదకొండేళ్లు రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గర టైపింగ్ చేశాను. ఎంతోమంది ఆస్తులు నా వేళ్ల కింద నుంచి వెళ్లాయి. ఏ కాగితం దగ్గర గొడవ మొదలవుతుందో అక్కడే నేర్చుకున్నాను. వెంచర్ల జోలికి వెళ్లను. 'హైవే నుంచి ఐదు నిమిషాలు, పోర్టుకు పక్కనే' అని బోర్డు పెట్టి, అప్రూవల్ లేని పొలంలో రాళ్లు పాతి ప్లాట్లు అమ్మేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. ఆ ఐదు నిమిషాలు ఏ బండి మీద లెక్కేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. 2016లో రియల్ ఎస్టేట్ అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం వచ్చింది. అందులో రిజిస్టరైన ప్రాజెక్టులో ప్లాటు అమ్మే ఏజెంటు కూడా రిజిస్టర్ చేసుకోవాలి. మీకు ప్లాటు చూపించే అబ్బాయిని ఆ నంబరు అడగండి, చాలు.

పొద్దున ఆరున్నరకే ఫోన్లు మొదలవుతాయి. తొమ్మిదికల్లా వేదాయపాళెంలో ఒక ఇంటి తాళం తీసుకోవాలి. పదికి మాగుంట లేఅవుట్‌లో ఫ్లాటు చూడటానికి పార్టీ వస్తుంది. అందులో అద్దెకున్నవాళ్లు పూజ అయ్యేదాకా తలుపు తీయరు. ఇల్లు అమ్మితే తాము ఖాళీ చేయాలని వాళ్ల భయం. వాళ్లకు సర్దిచెప్పేది కూడా నేనే. తిరుపతి నుంచి వచ్చిన పార్టీ అయితే అంకణం గురించి ముందే చెప్పుకోవాలి. వాళ్లకు అంకణం అంటే 36 చదరపు అడుగులు, మా నెల్లూరులో 72, అంటే 8 గజాలు. ఆ మాట తేల్చకుండా రేటు చెప్తే రెట్టింపు చెప్తున్నానని లేచి వెళ్లిపోతారు. ఆ తర్వాత వాస్తు చూసే ఆయన వస్తాడు. అంతా నచ్చాక వీధిపోటు ఉందంటాడు. ఆరోజుకు ఆ బేరం అంతే.

మంగళవారం ఎవరూ అడ్వాన్స్ ఇవ్వరు. ఆషాఢంలో ఇల్లు చూడటానికి కూడా రారు. ఆ నెల ఇంటి ఖర్చులు మాత్రం ఆగవు.

ఇక మీరు అడిగిన 'కమీషన్ తీసుకోవడమేనా' దగ్గరికి వస్తాను. ఆ మాట వింటే నాకు ఒక ఇల్లు గుర్తొస్తుంది.

2024 మార్చి. మూలాపేటలో 20 అంకణాల పాత ఇల్లు. అమ్మేది ఇద్దరు అన్నదమ్ములు. పెద్దాయన బెంగళూరులో, చిన్నాయన నెల్లూరులోనే ఉంటారు. కొనేది ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన రిటైరైన టీచరు సార్, ఆయన భార్య. అంతకుముందు ఏడాది రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువు దగ్గర ఆవిడ సొంతింటి కోరికతో స్వగృహ రొట్టె పట్టుకున్నారు. కోరిక తీరితే మళ్లీ పండుగకు వచ్చి, అదే కోరికతో వచ్చిన ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి కదా. అందుకని జులైలో పండుగ వచ్చేలోపు ఇల్లు తన పేరున ఉండాలని ఆవిడ పట్టు. మధ్యలో ఆషాఢం వస్తుంది. అంటే జూన్ దాటకూడదు.

అరవై లక్షలకు బేరం కుదిరింది. ఎన్నికల కోడ్ నడుస్తోంది. యాభై వేలకు మించి నగదు చేతిలో ఉంటే దారిలో ఆపి కాగితాలు అడుగుతున్నారు. అందుకే టోకెన్ లక్ష రూపాయలు బ్యాంకు ద్వారానే వేయించాను. ఈసీ తీశాను, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. ఆ అన్నదమ్ముల తండ్రి ఇల్లు కొన్నది 1979లో, అందుకని వెనకటిది ఆఫీసులో విడిగా తీయించాను. తాకట్టు లేదు, ఇంకెవరికీ అమ్మింది లేదు. ఇంటి పన్ను చిన్నాయన పేరు మీదకు మారింది. అన్నీ బాగున్నాయని సార్‌కు చెప్పాను.

ఏ ఇల్లు చూడటానికి వెళ్లినా నేను ముందు పక్కింటి గడప ఎక్కుతాను. ఆరోజు పక్కింటికి తాళం వేసి ఉంది. మళ్లీ వెళ్లకపోవడం నా తప్పే. టోకెన్ పడిన నాలుగో రోజున వెళ్తే ఆ ఇంటి పెద్దావిడ చెప్పింది. "ముగ్గురు పిల్లకాయలమ్మా వాళ్లు. పెద్దది ఆడపిల్ల. కొండపి పక్కన ఇచ్చినారు."

ఈసీలో ఆ అమ్మాయి ఎక్కడా లేదు. ఉండదు కూడా. రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే ఈసీలో కనిపిస్తాయి. చనిపోయిన మనిషికి పిల్లలెంతమందో అది చెప్పదు. ఇంటి పన్ను రసీదు కూడా హక్కు పత్రం కాదు. 'ఈసీ నిల్ వచ్చింది' అని గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

చిన్నాయనకు ఫోన్ చేస్తే తడుముకోకుండా చెప్పాడు. "అక్కకు 1981లోనే పెళ్లయింది మేడం. ఎన్టీఆర్ చట్టం 1985 తర్వాత పెళ్లయినవాళ్లకే కదా."

ఈ మాట వారానికి ఒకసారైనా వింటాను. ఆడపిల్లలకు వాటా ఇచ్చిన ఆ చట్టం పిత్రార్జితానికి, ఉమ్మడి ఆస్తికి సంబంధించింది. ఆ పెళ్లి షరతు కూడా 2005లో కేంద్రం చట్టం మార్చాక పోయింది. అసలు ఈ ఇంటికి ఆ చర్చే అక్కర్లేదు. తండ్రి తన జీతంతో కొన్నాడు, వీలునామా రాయకుండా 2011లో పోయాడు, తల్లి అంతకు ముందే పోయింది. అలాంటి ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ సమాన వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. అంటే ఆ అక్క పుట్టకముందు నుంచీ ఉన్న హక్కు అది.

"సరే మేడం, పసుపు కుంకుమ కింద రెండు లక్షలు ఇస్తాం. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకుని రండి" అన్నాడు.

కొండపికి నేనే వెళ్లాను. టంగుటూరులో బస్సు దిగి ఆటో ఎక్కాను. మిట్టమధ్యాహ్నం ఎండ. వసారాలో గోనెపట్టా మీద కూర్చుని ఆవిడ పొగాకు గ్రేడింగ్ చేస్తోంది. ఆకు ఆకూ వెలుగుకు పట్టి చూస్తుంది, రంగును బట్టి పక్కన పెడుతుంది. ఆ ఘాటుకు నాకు కళ్లు మండాయి. ఆవిడ లేచి చేతులు కడుక్కుని మజ్జిగ తెచ్చింది. నేను సంగతి చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు. మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంది.

"ఇల్లు అమ్ముతున్నారని నీ నోటి నుంచి వినాల్సి వచ్చింది చూడు" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

రెండు లక్షల మాట చెప్పాను. చెప్పకుండా ఎలా దాచను? ఆవిడ గొంతు పెంచలేదు. "పసుపు కుంకుమ మా నాయన నా పెళ్లికే ఇచ్చినాడు. ఇది పసుపు కుంకుమ కాదు, వాటా" అంది.

అంతలో ఆవిడ కొడుకు వచ్చాడు. మామయ్యలతో గొడవెందుకు, వాళ్లిచ్చింది తీసుకో అన్నాడు. ఆవిడ అతని వైపు ఒక్క చూపు చూసింది, అతను లోపలికి వెళ్లిపోయాడు. ఆ ఏడు పొగాకుకు మంచి ధరే పలికింది. ఆవిడకు డబ్బు ఇబ్బందేమీ లేదు. అడిగినవి మూడే. తమ్ముళ్లు వచ్చి ఇల్లు అమ్ముతున్న సంగతి స్వయంగా చెప్పాలి. విడుదల పత్రం రాయదు, అమ్మేవాళ్లలో ఒకరిగా సేల్ డీడ్ మీదే సంతకం పెడుతుంది. ఇరవై లక్షలూ తన ఖాతాలోనే పడాలి. భర్త ఖాతా, కొడుకు ఖాతా కుదరదు.

నేను వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో ఒకటే అనుకున్నాను, ఆవిడ అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయం. ఏజెంటు బేరం కుదర్చాలి కానీ న్యాయం చూడకూడదని మా వాళ్లు కొందరు చెప్తారు. నేను ఒప్పుకోను. కొనేవాళ్ల డబ్బు కాపాడాలన్నా ఆవిడ సంతకమే కావాలి. రేపు ఆవిడ తన వాటా పంచమని కోర్టులో పార్టిషన్ దావా వేస్తే, రిటైర్మెంట్ డబ్బులు పోసి కొన్న ఆ సార్ ముసలితనంలో వాయిదాలకు తిరగాలి.

చిన్నాయన ఫోన్‌లో అరిచాడు. "మీరు బ్రోకరా, మా అక్కకు లాయరా?" అన్నాడు. టోకెన్ వెనక్కి ఇచ్చేస్తాను, సంతకం అక్కర్లేదనే పార్టీకి అమ్ముకుంటాను అన్నాడు. సార్‌కు అన్నీ చెప్పాను. ఆయన "ఆ తల్లి సంతకం లేకుండా ఆ ఇంట్లో నేను గిన్నె కూడా పెట్టను" అన్నారు. ఏప్రిల్ అంతా అలాగే పోయింది. ఫోన్ ఎత్తినవాడు మాట్లాడడు, మాట్లాడేవాడు ఫోన్ ఎత్తడు. రొట్టె సంగతి ఏమవుతుందోనని సార్ భార్య రోజూ అడిగేవారు.

మే 13న పోలింగ్. బెంగళూరు నుంచి పెద్దాయన ఓటు వేయడానికి వచ్చాడు. ఆయనను ఇంటికి వెళ్లి కలిశాను. ముగ్గురు పిల్లలు, మూడు వాటాలు అని కాగితం మీద గీసి చూపించాను. బ్యాంకు లోను తీసుకునే ఏ పార్టీ వచ్చినా బ్యాంకు లాయరు వారసుల సర్టిఫికెట్ అడుగుతాడనీ చెప్పాను. మర్నాడు అన్నదమ్ములిద్దరూ కొండపి వెళ్లారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను అడగలేదు. సాయంత్రం ఆవిడే ఫోన్ చేసి, "వచ్చి అన్నం తిని పోయినారమ్మా. తేదీ చూడు" అంది.

జూన్‌లో రిజిస్ట్రేషన్. పదకొండున్నరకు అనుకున్నాం, పన్నెండు దాకా వర్జ్యం. వర్జ్యం పోయేసరికి సర్వర్ నెమ్మదించింది. ఈ కష్టం ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లకూ తెలుసు. అందరూ ఆకలితో ఉన్నారు. సంతకం దగ్గరికి వచ్చాక ఆవిడ కాగితం పట్టుకుని "మొత్తం చదువు" అంది నాతో. చిన్నాయన విసుక్కున్నాడు. నేను మొదటి పేజీ నుంచి హద్దుల దాకా చదివాను. "నా పేరు యాడుందో చూపించు" అంది. చూపించాను. దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంది. తర్వాత సంతకం చేసింది. మూడు పేర్ల మీద మూడు డీడీలు. తనది రవికలో పెట్టుకోకుండా, నా చేత ఫోన్‌లో ఫోటో తీయించి, బ్యాంకు వేళ దాటకముందే వెళ్లి వేసి వచ్చింది.

నా కమీషన్ సంగతి కూడా చెప్తాను, ప్రశ్న దాని గురించే కదా. మా దగ్గర ఎక్కువగా కొనేవాళ్ల నుంచి ఒక శాతం, అమ్మేవాళ్ల నుంచి ఒక శాతం. సార్ అరవై వేలు పూర్తిగా ఇచ్చారు. అక్క తన వంతు ఇరవై వేలు ఆ సాయంత్రమే పంపింది. పెద్దాయన ఇరవై ఇచ్చాడు. చిన్నాయన ఐదు వేలు చేతిలో పెట్టి, "మీ వల్ల మాకు పద్దెనిమిది లక్షలు పోయాయి" అన్నాడు. పోలేదు, అవి ఎప్పుడూ ఆయనవి కావు. మూడు నెలల తిరుగుడుకు నాకు వచ్చింది మొత్తం లక్షా ఐదు వేలు. అందులో పెట్రోలు, బస్సు ఛార్జీలు, ఈసీలు, జెరాక్సులు నావే.

ఇంకా నయం, ఈ బేరంలో అందరూ నా ద్వారానే మాట్లాడారు. ఇంటిని నా వెంట చూసి, సాయంత్రం ఒంటరిగా వెళ్లి ఓనరుతో మాట్లాడుకునేవాళ్లు నెలకు ఇద్దరైనా తగులుతారు. బాగా చదువుకున్నవాళ్లు, మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. రిజిస్ట్రేషన్ ఖర్చు ప్రభుత్వానికి ఏడున్నర శాతం మాట్లాడకుండా కడతారు, ఎండలో తిరిగిన మనిషికి ఒక శాతం ఇవ్వడానికి చేతులు రావు. ఆ ఏడున్నర శాతం సంగతి కూడా చాలామందికి ఆఖర్లోనే గుర్తొస్తుంది. అరవై లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు. అది పక్కన పెట్టుకోకుండా ఇల్లు వెతకడం మొదలుపెట్టకండి.

ఉద్యోగం మానేసి రావచ్చా అన్నారు. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా రావద్దు. నేను మొదటి బేరం ముగించడానికి ఐదు నెలలు పట్టింది. వచ్చేముందు కొన్ని నెలలు సెలవు రోజుల్లోనైనా ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గర కూర్చోండి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన కాగితాలు, చదవడం రాకుండా ఇల్లు చూపించడం నేర్చుకుంటే ఎదుటివాళ్ల జీవితకాలపు సంపాదనతో ఆడుకున్నట్టే.

ఆ అక్క మొన్న ఫోన్ చేసింది. టంగుటూరులో తన పేరు మీద చిన్న ఇల్లు చూడమంటోంది. ఒకటి ఉంది, ఎల్లుండి పొద్దున బస్సుకు వెళ్తున్నాను. ధర ఎంతని అడగకముందే ఆవిడ అడిగిన మాట ఇది: "అమ్మేవాళ్లకు అక్కచెల్లెళ్లు ఎవరన్నా ఉన్నారేమో ముందు కనుక్కో అమ్మా."