కవర్ సాంగ్‌తో పేరొచ్చింది, ఒప్పందం మీద సంతకం పెట్టమంటారా?

ప్రశ్న: మాది అనంతపురం, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. 20 ఏళ్ల కిందటి తెలుగు సినిమా పాటను, స్నేహితుడు గిటార్ వాయిస్తుంటే పాడి యూట్యూబ్‌లో పెట్టాను. చివర నేనే రాసిన రెండు కన్నడ పంక్తులు కలిపాను. 60 లక్షల మంది చూశారు. కచేరీలకు పిలుస్తున్నారు, జయనగర్‌లో ఒక నగల దుకాణం ప్రకటనకు అడిగింది. కానీ యాడ్స్ డబ్బంతా ఆ పాట హక్కులున్న ఆడియో కంపెనీకే పోతోంది. ఆ కంపెనీయే 75,000 రూపాయలిస్తామని ఒప్పందం పంపి, మూడు రోజుల్లో సంతకం చేయమంటోంది. కాపీ జతచేశాను. చేయమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. మూడు రోజుల గడువు వాళ్లు పెట్టుకున్నదే గానీ చట్టంలో ఉన్నది కాదు. రెండు వారాలు కావాలని మెయిల్ పెట్టండి.

ముందు మీకు నచ్చని మాట చెప్పాలి. మీరు అనుమతి లేకుండా పాడి రికార్డు చేశారు. కింద రచయిత, సంగీత దర్శకుడి పేర్లు వేయడం, 'హక్కులు నావి కావు' అని రాయడం మర్యాదే, అనుమతి కాదు. పాత రికార్డింగ్‌ను ముట్టుకోలేదు గనక ఆ తప్పు లేదు. సాహిత్యానికి, బాణీకి మాత్రం అనుమతి కావాల్సిందే.

కాపీరైట్ చట్టం 31సి సెక్షన్ కవర్ వెర్షన్లకు ఒక దారి చూపింది. మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక 5 ఏళ్లు గడిస్తే, ముందే నోటీసిచ్చి, ఏటా కనీసం 50,000 కాపీలకు రాయల్టీ ముందుగా కట్టి పాడుకోవచ్చు. మీ పాటకు 20 ఏళ్లు గనక అదే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి. అది సౌండ్ రికార్డింగ్‌కే, వీడియోకు కాదు. పైగా సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప పాటలో మార్పు చేయకూడదు. మీ కన్నడ పంక్తులు అక్కడే అడ్డం పడతాయి.

చాలామంది గాయకులకు తెలియని సంగతి ఇంకొకటుంది. పాట హక్కును ఉల్లంఘించి చేసిన సౌండ్ రికార్డింగ్‌కు అసలు కాపీరైటే పుట్టదని అదే చట్టంలోని 13(3) సెక్షన్ చెబుతోంది. రేపు ఎవరో మీ ఆడియో ఎత్తుకెళ్లి తమ ఛానెల్‌లో పెట్టుకుంటే, 'ఇది నా రికార్డింగ్' అని కోర్టుకెక్కడానికి మీకు ఆధారం ఉండదు. అందుకే ఒప్పందం మీకూ అవసరమే. మొదటి రోజు నుంచే అనుమతి ఇచ్చినట్టు, పాత ఉల్లంఘనపై దావా వేయబోమన్నట్టు అందులో రాయించండి.

మీ గొంతు మాత్రం మీదే. 38, 38ఎ సెక్షన్ల కింద ప్రదర్శకురాలిగా మీకు 50 ఏళ్ల హక్కుంది. గిటార్ వాయించిన అబ్బాయికీ ఉంది, అతని సంతకమూ కావాలి. మీ ఒప్పందంలో 'విశ్వమంతటా, శాశ్వతంగా' అని ఉంది చూశారా? ఆ మాటలు ఊరికే రాయలేదు. గడువు రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ చట్టం అనుకుంటుంది. వాటిని తప్పించుకోవడానికే ఆ మాటలు. అవి కొట్టేయించండి. వాణిజ్యంగా వాడితే ప్రదర్శకులకు రాయల్టీ రావాలని 38ఎ అంటోంది కాబట్టి, 75,000ను అడ్వాన్సుగా రాయించి ఆపై ఆదాయంలో వాటా అడగండి. ఎక్కడ వాడినా మీ పేరు వేయాలని కూడా.

యాడ్స్ డబ్బు మీద యూట్యూబ్‌లో డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టకండి. చేతిలో లైసెన్సు లేకుండా పెడితే వీడియో పోయి, ఛానెల్‌కు స్ట్రైక్ పడొచ్చు. నగల దుకాణానికి వద్దని చెప్పండి, ఆ పాటను ప్రకటనకిచ్చే అధికారం మీకు లేదు. కచేరీలకు నిక్షేపంగా వెళ్లండి. అడ్వాన్సు తీసుకునే ముందు, నిర్వాహకులు ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, సంగీత దర్శకుల తరఫున రాయల్టీ వసూలు చేసే సంఘం) లైసెన్సు తీసుకున్నారో లేదో అడగండి.

ఇక ఆ కన్నడ పంక్తులు. పాట రాసిన కవిగారు మన మధ్యే ఉంటే, కంపెనీ అనుమతితో పాటు ఆయన్నీ అడగండి. హక్కులు అమ్ముకున్నా సరే, తన రచనను తన గౌరవానికి భంగం కలిగేలా మారిస్తే అభ్యంతరం చెప్పే హక్కు 57వ సెక్షన్ కింద ఆయనకు మిగిలే ఉంటుంది. ఆ రెండు పంక్తులు వినిపించి, సమ్మతమేనని ఆయన చేత రెండు వాక్యాలు రాయించుకోండి.