ఐదెకరాల్లో పిల్లలకూ వృద్ధులకూ కలిపి ఒక ఊరు కట్టవచ్చా?

దేవరకొండ దగ్గర మీకు ఐదెకరాల చెల్క (వాన మీద పండే తేలిక ఎర్రనేల) ఉందనీ, దిక్కులేని పిల్లలు, ఒంటరి తల్లులు, వృద్ధులు తమ రెక్కల మీద తాము బతికే చిన్న ఊరు అందులో కట్టాలని ఉందనీ, భవనాలకు ఎంత ఖర్చవుతుందనీ అడిగారు. భవనాల లెక్క ఏ మేస్త్రీ అయినా చెబుతాడు. మర్రిగూడ వైపు అలాంటి ఒక ఆశ్రమంలో ఆరేళ్లు పద్దులు రాసినవాణ్ణి కాబట్టి, నేను వేరొకటి చెబుతాను: అక్కడి ముసలివాళ్లకు మీరు ఏ పెత్తనం అప్పగిస్తారన్న దాన్ని బట్టే ఆ చోటు నిలుస్తుంది, లేదా మూతపడుతుంది.

మాది నలభై మంది వంటిల్లు. చూడవచ్చే దాతలకు పచ్చగా కనబడాలని బోరు కింద టమాటా, వంగ పెట్టాము. 2016 ఎండాకాలంలో బోరు ఎండిపోయింది. కొన్న ట్యాంకరు నీళ్లు వంటకూ స్నానాలకే చాలలేదు. కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ, సగం జీవితం బొంబాయి కట్టడాల దగ్గర తట్టలు మోసిన మనిషి, అప్పటిదాకా మా రిజిస్టరులో కేవలం ఒక లబ్ధిదారు. ఒకనాటి సాయంత్రం ఎండిన టమాటా మొక్కను వేళ్లతో సహా పీకి తెచ్చి నా బల్ల మీద పడేసి, "సారూ, ఇది చెల్క. నీళ్లు తాగే పంట దీంట్ల ఎవలు పెట్టమన్నరు? మిరుగం దాంక ఆగి జొన్న, కంది పెట్టుండ్రి" అన్నది. మిరుగమంటే జూన్‌లో వచ్చే మృగశిర కార్తె. ఆ తరువాత తన మూట విప్పి పాత తువ్వాల చూపించింది. దాని నిండా ముడులే. ఒక్కొక్క ముడిలో బూడిద కలిపిన బీర, అనుములు, సొర విత్తనాలు.

కంది, జొన్న విత్తనం మాత్రం ఆమె చెప్పిన రైతు దగ్గర కొన్నాము. మిరుగం వానకు గొర్రు (విత్తనం వేసే పనిముట్టు) కట్టినప్పుడు, దాని మీది గిన్నెలాంటి జడ్డిగంలో విత్తనం తానే పోసింది. పిడికిలి బిగించి, వేళ్ల సందుల్లోంచి గింజలు ఒకే తీరుగా జారేటట్టు ఎలా వదలాలో వెంట నడిచిన ముగ్గురు పిల్లలకు చూపించింది. నాలుగు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది. సంక్రాంతి నాటికి రెండెకరాల్లో ఆరు క్వింటాళ్ల కందులు ఇంటికి వచ్చాయి.

ఇక్కడ లెక్క దాచకూడదు. మనిషికి రోజుకు 50 గ్రాముల పప్పు అనుకుంటే నలభై మందికి ఏడాదికి 730 కిలోలు, అంటే సుమారు పది క్వింటాళ్ల కందులు కావాలి. బియ్యం 300 గ్రాముల చొప్పున దాదాపు 44 క్వింటాళ్లు అవుతుంది. వాన మీద ఆధారపడిన ఐదెకరాల్లో అది పండదు. కాబట్టి పప్పు, జొన్న, కూరగాయలు మీవి; బియ్యానికి మాత్రం నెలకు తలకు ఆరు కిలోలిచ్చే రేషన్ కార్డే దిక్కు. దీనిని స్వయం సమృద్ధి అని బోర్డు మీద రాసుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

పుట్టినరోజు కేకులతో వచ్చేవారి గురించి కూడా చెప్పాలి. రెండేసి అరటిపండ్లు పంచి, పిల్లలను వరుసగా నిలబెట్టి ఫోటోలు తీసుకుని వెళ్లేవారు. ఆ పూట చదువు పోయేది, మరునాడు అవ్వలకు చక్కెర పెరిగేది. నేను ఉన్నన్నాళ్లూ ఆపలేకపోయాను.

పునాది తీయకముందే రెండు పనులు చేయండి. మొదటిది, బోరు నీళ్లు పరీక్ష చేయించండి. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు తెలియనిది కాదు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు ఎదిగే పిల్లలకు తాగించవద్దు. రెండవది, 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద ఆశ్రమానికి రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క బిడ్డను కూడా చేర్చుకోవద్దు. ఎవరైనా తెచ్చి అప్పగించినా 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. అలా చేయని మంచివాళ్లు కూడా జైలు దాకా వెళ్లవచ్చు.

ఐదెకరాల్లో మూడు కంది, జొన్నలకు వదలండి. గదుల నమూనా గీయించేముందు, మొదట చేరే అవ్వను వెంటబెట్టుకుని ఒకసారి ఆ చెల్క అంతా తిరిగిరండి.