టర్కీ వేడినీటి బుగ్గల్లో స్నానం చేస్తే మోకాళ్ల నొప్పులు తగ్గుతాయా?

ప్రశ్న: నా వయసు 62 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్, ఎనిమిదేళ్లుగా బీపీ ఉన్నాయి. ఉదయం, రాత్రి ఇన్సులిన్ తీసుకుంటాను. బీపీకి టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్ కలిసిన మాత్ర వాడుతున్నాను. రెండు మోకాళ్లూ అరిగాయన్నారు. నొప్పి ఎక్కువైనప్పుడు మందుల షాపులో డైక్లోఫెనాక్ తెచ్చుకుని వేసుకుంటాను. అరికాళ్లు తిమ్మిరిగా ఉంటాయి, ఒక్కోసారి చెప్పు జారిపోయినా తెలియదు. జర్మనీలో ఉంటున్న మా అబ్బాయి సెప్టెంబరులో మమ్మల్ని టర్కీలోని పాముక్కలేకు తీసుకెళ్తానంటున్నాడు. అక్కడి పాత నగరంలోని వేడినీళ్లలో మునిగితే కీళ్ల నొప్పులు పోతాయని, ఆ నీళ్లలోని కాల్షియం ఎముకలకు పడుతుందని బంధువులు చెబుతున్నారు. నిజమేనా? మా వారికి 68 ఏళ్లు, ఆయాసానికి ఇన్‌హేలర్ వాడతారు. అక్కడ విషవాయువు వచ్చే గుహ ఉందని విని వెనకాడుతున్నారు. మేం వెళ్లవచ్చా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరిద్దరూ వెళ్లవచ్చు. అయితే మీరు మోకాళ్ల గురించి రాసిన దానికంటే, చెప్పు జారిపోయినా తెలియదని రాసిన ఒక్క మాటే నాకు ఎక్కువ ముఖ్యంగా కనిపించింది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో కాళ్ల నరాలు దెబ్బతిని స్పర్శ మందగించినప్పుడు ఇలా జరుగుతుంది. పాముక్కలేలోని తెల్లని సున్నపురాతి మెట్ల మీదికి చెప్పులతో, బూట్లతో ఎవరినీ అనుమతించరు. ఆ రాయి అరిగిపోకుండా, మాసిపోకుండా ఉండేందుకు వాటిని చేతపట్టుకుని ఉత్త కాళ్లతో నడవాలన్నది అక్కడి నియమం. కాబట్టి ఈ ప్రయాణంలో నీటి కంటే నడకే మీకు పెద్ద సమస్య.

ఆ రాయి ఎలాంటిదో తెలిస్తే నేనెందుకింతగా చెబుతున్నానో అర్థమవుతుంది. అక్కడి శిథిల నగరం పేరు హైరాపొలిస్. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో పెర్గమాన్ రాజుల కాలంలో వెలసి, రోమన్ల ఏలుబడిలో స్నానశాలలతో, ఆలయాలతో పేరుపొందిన ఈ నగరాన్ని, దాన్ని ఆనుకుని ఉన్న తెల్లని మెట్లతో కలిపి యునెస్కో 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. భూగర్భంలో వేడెక్కిన నీరు సున్నపురాయిని కరిగించుకుని, మెట్ల మీదికి పారే చోట సుమారు 35 డిగ్రీల వేడితో పైకి వస్తుంది. గాలి తగలగానే నీటిలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి, కాల్షియం కార్బొనేట్ తెల్లగా పేరుకుంటుంది. మన ఇళ్లలో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే పొర కూడా ప్రధానంగా ఇదే పదార్థం. మొదట మెత్తగా ఉండే ఈ పూత గట్టిపడ్డాక కొన్నిచోట్ల గరుకుగా, కొన్నిచోట్ల పదునైన అంచులతో, నీరు పారే చోట నున్నగా, జారుడుగా తయారవుతుంది. స్పర్శ ఉన్న మనిషి అంచు గుచ్చుకోగానే కాలు వెనక్కి తీసుకుంటాడు. స్పర్శ లేని పాదం అదే అంచు మీద ఒంటి బరువంతా మోపి ముందుకు సాగుతుంది, సాయంత్రం మేజోడు మీద రక్తపు మరక కనబడే దాకా గాయం సంగతే తెలియదు. షుగర్ ఉన్నవారిలో ఇలాంటి చిన్న కోత పుండుగా మారి, చివరకు వేలు తీసేయాల్సిన స్థితికి రావడం మేం తరచుగా చూసేదే.

అందువల్ల మీ అబ్బాయికి ఒక సంగతి ముందే చెప్పండి. ఊరి వైపున్న కింది ద్వారం గుండా వెళ్తే ఆ మెట్ల మీదుగానే ఎక్కాలి. దక్షిణ ద్వారం కొండ పైభాగంలోనే ఉంటుంది కాబట్టి, అటునుంచి లోపలికి వెళ్తే శిథిలాలనూ, పాత స్నానశాలలో ఏర్పాటు చేసిన మ్యూజియాన్నీ, సందర్శకులు స్నానానికి దిగే పురాతన కొలనునూ బూట్లు విప్పకుండానే చూడవచ్చు. తెల్లని మెట్లను అంచున నిలబడి చూడండి, ఫొటోలు కూడా అక్కడినుంచే బాగా వస్తాయి. ఉత్తర ద్వారం నుంచి నడక చాలా దూరం, మీ మోకాళ్లకు అది వద్దు. కొత్త బూట్లు ప్రయాణం రోజున మొదటిసారి తొడుక్కోకుండా, నెల ముందు నుంచే అలవాటు చేసుకోండి.

బయల్దేరడానికి నెలా నెలన్నర ముందు మీ వైద్యుణ్ణి కలిసి, సన్నని నైలాన్ పోగుతో అరికాలి స్పర్శను పరీక్షించే మోనోఫిలమెంట్ టెస్టు, పాదాల్లో నాడి పరీక్ష చేయించుకోండి. మూడు నెలల సగటు షుగర్, క్రియాటినిన్, ఈసీజీ కూడా అవసరమే. కాలి మీద చిన్న పుండు ఉన్నా, వేళ్ల మధ్య చర్మం పాచిపోయినా, జ్వరం ఉన్నా, షుగర్ 300 దాటుతున్నా ఆ కొలనులో దిగవద్దు.

ఇవేవీ లేకపోతే పురాతన కొలనులో దిగడానికి పెద్ద అభ్యంతరం లేదు. దాని నీరు దాదాపు 36 డిగ్రీలు, అంటే మన ఒంటి వేడికి కాస్త తక్కువ. బదరీనాథ్ తప్తకుండంలో మునిగినవారికి ఇది గోరువెచ్చగానే అనిపిస్తుంది. అయితే ఏనాడో భూకంపానికి కూలిన పాలరాతి స్తంభాలు ఆ నీటి అడుగున అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. చూడటానికి ఎంత అందంగా ఉన్నా, అడుగు ఎక్కడ పడుతోందో తెలియని వారికి అవి ప్రమాదకరం. అక్కడ అనుమతిస్తే నీటిలో వేసుకునే రబ్బరు బూట్లు తొడుక్కుని, మీ అబ్బాయి చేయి పట్టుకుని దిగండి. అనుమతించకపోతే గట్టున కూర్చోవడమే మంచిది. దిగినా పది, పదిహేను నిమిషాలు చాలు. తల ముంచవద్దు, ముక్కులోకి నీరు పోనివ్వవద్దు, ఆ నీరు తాగవద్దు. వెచ్చని నీటిలో రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, మీ బీపీ మాత్ర చేసే పని కూడా అదే. అందుకే నీటిలోంచి ఒక్కసారిగా లేచి నిలబడితే కళ్లు తిరగవచ్చు. గట్టు మీద రెండు నిమిషాలు కూర్చుని ఆ తర్వాతే లేవండి. ఈ భయంతో బీపీ మాత్ర మాత్రం మానవద్దు.

ఇక నొప్పుల సంగతి. ఖనిజాలున్న వెచ్చని నీటి స్నానాల మీద హంగేరీ, టర్కీ వంటి దేశాల్లో చాలా అధ్యయనాలు జరిగాయి, ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో దీనికి ప్రత్యేక వైద్య విభాగమే ఉంది. మోకాళ్ల అరుగుదల ఉన్నవారు రెండు మూడు వారాలపాటు క్రమం తప్పకుండా ఇలాంటి స్నానాలు చేస్తే నొప్పి, బిగుతు కొంతకాలం తగ్గుతున్నాయని వాటిలో తేలింది. కానీ ఎక్కువ అధ్యయనాలు చిన్నవి. పైగా తాను ఏ నీటిలో దిగాడో రోగికి తెలియకుండా దాచడం కష్టం కాబట్టి, ఇందులో నీటి ప్రభావమెంత, నమ్మకం ప్రభావమెంత అన్నది విడదీసి చెప్పలేం. ఏ లెక్కన చూసినా విహారయాత్రలో చేసే ఒక్క స్నానం ఆ రోజుకు హాయినిస్తుందే తప్ప అరిగిన మృదులాస్థిని తిరిగి పెంచదు. నీటిలోని కాల్షియం చర్మం గుండా ఎముకలకు చేరుతుందన్నది పూర్తిగా అపోహ. ఆ నగరపు శ్మశానవాటికలో వెయ్యికి పైగా సమాధులున్నాయి. స్వస్థత కోరి దూరప్రాంతాల నుంచి వచ్చి అక్కడే కన్నుమూసినవారివీ వాటిలో ఉన్నాయని చరిత్రకారులు చెబుతారు. ఆ సంగతి కూడా మీ బంధువులకు గుర్తుచేయండి.

మీ మోకాళ్లకు అసలైన మేలు చేసేవి బరువు తగ్గడం, తొడ కండరాలను బలపరిచే వ్యాయామం. ఫిజియోథెరపిస్టు దగ్గర ఇప్పుడే మొదలుపెడితే సెప్టెంబరు నాటికి తేడా మీకే తెలుస్తుంది. డైక్లోఫెనాక్‌ను సొంతంగా కొని వేసుకోవడం మాత్రం ఇకనైనా ఆపండి. షుగర్, బీపీ రెండూ ఉన్నవారిలో ఇది కిడ్నీలను దెబ్బతీసే ప్రమాదం ఎక్కువ. టెల్మిసార్టాన్ వాడుతూ ఎండలో తిరిగి, నీళ్లు సరిగా తాగని రోజున ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. యాత్రలో నొప్పి వస్తే ఏం వేసుకోవాలో మీ వైద్యుణ్ణి అడిగి రాయించుకుని వెళ్లండి.

ఇన్సులిన్‌ను చెక్-ఇన్ లగేజీలో పెట్టకుండా మందుల చీటీతోపాటు చేతి సంచిలో ఉంచుకోండి. ఎండలో నిలిపిన కారులో వదిలేయవద్దు. వెచ్చని నీటిలో చర్మానికి రక్తప్రసరణ పెరిగి ఇన్సులిన్ త్వరగా ఒంటికి పడుతుంది. దానికి నడక తోడై, మధ్యాహ్న భోజనం ఆలస్యమైతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. నీటిలో ఉన్నప్పుడు చెమట పట్టిన సంగతి తెలియదు కాబట్టి మొదటి హెచ్చరికే మీకు అందదు. ఇంజక్షన్ చేసుకున్న వెంటనే నీటిలో దిగవద్దు. దిగేముందు షుగర్ చూసుకోండి, గ్లూకోజ్ పొడి మీ అబ్బాయి జేబులో ఉండనివ్వండి. టర్కీ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తుంది కాబట్టి ఇన్సులిన్ వేళల్లో పెద్ద మార్పు అవసరం లేదు. రోజూ రాత్రి పడుకునే ముందు చిన్న అద్దం పట్టుకుని అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. ఎర్రబారినా, బొబ్బ కనిపించినా మర్నాడు నడక మానేసి డాక్టరుకు చూపించండి.

మీ వారి భయం వట్టిదేమీ కాదు. ఆ గుహను పాతాళ దేవుడైన ప్లూటో ద్వారంగా పూర్వం కొలిచేవారు. అక్కడికి తోలుకెళ్లిన ఎద్దులు పడి చనిపోయేవని, తాను వదిలిన పిచ్చుకలు వెంటనే ప్రాణం విడిచాయని, పూజారులు మాత్రం ఊపిరి బిగబట్టి బయటపడేవారని సుమారు 2,000 ఏళ్ల కిందటి గ్రీకు భూగోళ శాస్త్రవేత్త స్ట్రాబో రాశాడు. భూమి పగుళ్లలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడే దానికి కారణం. ఈ వాయువు గాలికంటే బరువైనది కాబట్టి నేలమట్టంలో పేరుకుంటుంది, రాత్రి, తెల్లవారుజామున చిక్కగా ఉండి ఎండ ఎక్కేకొద్దీ చెదిరిపోతుంది. సందర్శకులు దాని దగ్గరికి పోకుండా అడ్డు కట్టారు. పగటిపూట ఆ అడ్డుకు ఇవతల నిలబడి చూస్తే మీ వారికి ప్రమాదం లేదు. వంగి లోపలికి తొంగిచూడటం, కిందపడిన వస్తువు కోసం అడ్డు దాటడం మాత్రం చేయవద్దని చెప్పండి. ఇన్‌హేలర్ ఆయన జేబులోనే ఉండాలి. ప్రాచీన నాటకశాల మెట్లు బాగా ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఆయాసం వస్తే సగంలోనే ఆగిపోవాలి.