దంతవైద్యం, సైకాలజీ, మత చరిత్ర కలిపి థీసిస్ చేయవచ్చా? నా అనుభవం

మీ ప్రశ్న ఇది: "ఎండీఎస్‌లో (దంతవైద్యంలో పీజీ) పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ తీసుకున్నాను. సైకాలజీ అన్నా, మత చరిత్ర అన్నా నాకు ఇష్టం. మూడూ కలిసే టాపిక్ మీద థీసిస్ చేస్తానంటే సీనియర్లు వద్దంటున్నారు. నిజంగా కుదరదా?"

కుదురుతుంది. నాదీ అదే బ్రాంచి. అయితే మూడు శాస్త్రాలు కలుపుదాం అనుకుని మొదలుపెడితే ఏదీ కలవదు. కుర్చీలో కూర్చున్న పేషెంటు అన్న ఒక్క మాట పట్టుకుని దాని వెనకాలే వెళ్తే, మిగతావి వాటంతట అవే వచ్చి చేరతాయి. నా విషయంలో అలాగే జరిగింది.

నా థీసిస్ పంటి వైద్యం అంటే జనానికి ఉండే భయం మీద. దీన్ని కొలవడానికి 1969లో నార్మన్ కోరా నాలుగు ప్రశ్నల స్కేలు ఒకటి తయారు చేశారు. అందులో మత్తు ఇంజక్షన్ ఊసు లేదు. 1995లో హంఫ్రిస్, ఆయన సహచరులు దాన్ని సవరించి ఇంజక్షన్ గురించి ఐదో ప్రశ్న చేర్చారు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే మీకెలా ఉంటుంది? బయట మీ వంతు కోసం కూర్చుంటే? మిషన్‌తో పన్ను గీకబోతుంటే? పళ్ళు క్లీన్ చేయబోతుంటే? పైదవడలో వెనక పన్ను దగ్గర చిగురుకి ఇంజక్షన్ ఇవ్వబోతుంటే? ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కులు, మొత్తం 25. పంతొమ్మిది, ఆపైన వస్తే తీవ్రమైన భయం కింద లెక్క.

దీన్ని తెలుగులోకి తెచ్చి మా క్యాంపుల్లో వాడటం నా పని. ఒకరు తెలుగు చేయాలి, అసలు ఇంగ్లిష్ చూడని ఇంకొకరు ఆ తెలుగుని మళ్ళీ ఇంగ్లిష్ చేయాలి, రెండూ పోల్చి చూడాలి. ఇదంతా పద్ధతి ప్రకారమే చేశాం. 'ఆందోళన' అన్న మాట పెట్టాం. కాగితం మీద చక్కగా ఉంది.

శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరి స్కూల్లో క్యాంపు. ఒక పెద్దావిడ బెంచీ మీద కూర్చుని కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. "ఆందోళనగా ఉందా అమ్మా?" అని అడిగాను. ఆమెకు ఆ మాటే అందలేదు. "భయంగా ఉందా?" అన్నాను. "భయం నాకేటి బాబూ! గుండె దడదడలాడతంది, అంతే" అంది. నేను 'భయం లేదు' దగ్గర టిక్ పెట్టి, ఆ చేతివేళ్ళ వైపు చూసి, టిక్ కొట్టేశాను. భయం అని ఒప్పుకోవడం ఆమెకు తగ్గడం లాంటిది. దడ అంటే ఒంటికి సంబంధించింది, అందులో తప్పేం లేదు. కుర్రవాళ్ళని అడిగితే "భయం లేదు సార్, కొంచెం టెన్షన్" అనేవారు. ఆ రాత్రి మా కో-గైడ్‌కి ఫోన్ చేశాను. ఆయన సైకాలజీ మేష్టారు. "నువ్వు ఇప్పుడు అడగాల్సింది మార్కు కాదు, మాట" అన్నారు. మళ్ళీ మొదటికొచ్చి, ఇరవై మందితో ఊరికే మాట్లాడి, వాళ్ళు వాడే మాటలు రాసుకుని, 'దడ, కంగారు, టెన్షన్' మూడూ ఉండేలా ప్రశ్నలు మార్చాం. రెండు నెలలు పోయాయి. ఆ రెండు నెలలే నా థీసిస్‌లో విలువైనవని ఇప్పటికీ అనుకుంటాను.

అప్పుడే ఐదో ప్రశ్న దగ్గర ఒక సంగతి బయటపడింది. మిగతా నాలుగింటికీ తక్కువ మార్కులు ఇచ్చినవాళ్ళు కూడా దీనికి ఎక్కువ ఇస్తున్నారు. సూది అంటే భయం అనుకున్నాను. ఎందుకని అడిగితే చాలామంది చెప్పింది వేరు. "పైపన్ను జోలికెళ్తే కంటిచూపు పోద్దంట కదా." మీరూ ఓపీలో ఈ మాట వినే ఉంటారు. ప్రశ్నలో 'పైదవడ' అని ఉంది కాబట్టి, మేం సూది భయాన్ని కొలుస్తున్నామనుకుంటూ కంటి భయాన్ని కొలుస్తున్నాం! ప్రశ్న రాసినవాళ్ళ తప్పు కాదు, వాళ్ళ పేషెంట్లు వేరు. కానీ మన దగ్గర ఆ ఒక్క మాట మొత్తం మార్కునే మార్చేస్తుంది.

ఇక్కడ సైకాలజీ ఎంత ఉపయోగపడిందో చెప్పాలి. భయం మూడు దారుల్లో అంటుకోవచ్చని స్టాన్లీ రాక్‌మన్ 1977లో చెప్పారు: తనకే జరిగిన చేదు అనుభవం, ఇంకొకరు భయపడటం చూడటం, ఎవరో చెప్పగా వినడం. కంటిచూపు భయం మూడో దారిలో వచ్చింది. నొప్పి వల్ల వచ్చిన భయానికి నొప్పి లేకుండా వైద్యం చేసి చూపిస్తే కొంత తగ్గుతుంది. విని తెచ్చుకున్న భయానికి మాటే మందు. పైపళ్ళ నరాలు ఐదో కపాల నాడి నుంచి వస్తాయి, చూపు రెండో కపాల నాడి పని, రెండూ వేరని ఓపిగ్గా చెప్పాలి. ఈ తేడా తెలియకపోతే ఇద్దరికీ "ఏం కాదు, భయపడకండి" అనే ఒక్క మాటే చెప్పి పంపేస్తాం.

ఇక మత చరిత్ర. ఇందులో నేను బాగా తప్పటడుగు వేశాను, అందుకే వివరంగా రాస్తున్నాను. పన్నుకీ కంటికీ ఈ ముడి ఎక్కడిదని వెతుకుతుంటే బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథం వినయపిటకంలో చుల్లవగ్గం అనే భాగం దొరికింది. పళ్ళపుల్ల నమలకపోతే వచ్చే ఐదు నష్టాలు బుద్ధుడు భిక్షువులకు చెప్పినట్టు అందులో ఉంది. వాటిలో మొదటిదే కళ్ళకు మంచిది కాదని! తర్వాతవి నోటి దుర్వాసన, రుచి తెలియకపోవడం వగైరా. పుల్ల ఎనిమిది అంగుళాలకు మించకూడదు, నాలుగుకు తగ్గకూడదు అని కూడా ఉంది. ఇక్కడ అంగుళం అంటే వేలి వెడల్పు. పొట్టిపుల్ల ఒక భిక్షువు గొంతులో ఇరుక్కున్నాక ఆ కింది హద్దు పెట్టారట. వేపపుల్లతో పెరిగినవాణ్ణి, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది.

దానికితోడు మాది దంతపురం కథ వినిపించే జిల్లా. కళింగంలోని దంతపురం నుంచి హేమమాల, ఆమె భర్త దంతకుమారుడు బుద్ధుడి దంతాన్ని సింహళానికి (ఇప్పటి శ్రీలంక) చేర్చారని కథ. ఆ దంతపురం మా సరుబుజ్జిలి దగ్గరి దంతవక్త్రుని కోటేనని కొందరు పండితులు, కాదు ఒడిశాలో ఉందని మరికొందరు అంటారు. నేను ఇవన్నీ కలిపి, కంటిచూపు నమ్మకం బౌద్ధుల కాలం నుంచి మన ప్రాంతంలో వస్తోందని, థీసిస్‌తో పాటు పుస్తకాలు చదివి రాసే లైబ్రరీ డిసర్టేషన్‌లో నాలుగు పేజీలు రాసేశాను.

చరిత్ర మేడమ్ ఒకరికి చూపించాను. ఆమె పెన్సిల్‌తో ఆ నాలుగు పేజీలకీ అడ్డంగా ఒకే గీత గీసి, పక్కన "మధ్యలో ఏముంది?" అని రాశారు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగారు. దంతాన్ని తరలించింది 4వ శతాబ్దంలో అంటున్నావు, ఆ కథ చెప్పే పాలీ గ్రంథం దాఠావంశం 13వ శతాబ్దంది, ఆ తొమ్మిది వందల ఏళ్ళ దూరం నీకు కనపడలేదా? 5వ శతాబ్దం మొదట్లో చైనా యాత్రికుడు ఫాహియాన్ సింహళంలో దంతోత్సవం గురించి రాశాడు, సింహళంలో దంతం ఉందనడానికి అది దగ్గరి సాక్ష్యం, మరి మీ కోట గురించి అందులో ఏముంది? పళ్ళు తోముకోకపోతే కళ్ళకు చెడ్డదన్న మాటా, పన్ను పీకితే చూపు పోతుందన్న మాటా ఒకటేనా? రెండూ ఒకేలా కనిపిస్తే ఒకదాని నుంచి ఇంకొకటి పుట్టినట్టేనా?

ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. డెంటిస్ట్రీలో ఆధారం అంటే శాంపిల్ సైజు (ఎంతమందిని చూశాం), పీ వాల్యూ (ఫలితం కాకతాళీయమా అని చూసే లెక్క). సైకాలజీలో ముందు, నువ్వు కొలుస్తున్నది నువ్వు అనుకుంటున్నదేనా అని అడుగుతారు. చరిత్రలో ఎవరు, ఎప్పుడు, ఎంత దూరం నుంచి చెప్పారన్నది ముఖ్యం. పక్క శాస్త్రం నుంచి విషయాన్ని మాత్రమే తెచ్చుకుని దాని నియమాన్ని అక్కడే వదిలేస్తే పరిశోధన కాదు. ఆ నాలుగు పేజీలు తీసేసి, చుల్లవగ్గం మాటని ఒక పేరాలో, 'పోలిక మాత్రమే, వారసత్వం అని చెప్పడం లేదు' అని రాసి ఉంచాను.

మీరు చేయాల్సినవి త్వరగా చెబుతాను. సినాప్సిస్‌కి (థీసిస్ ప్రణాళిక) ఆరు నెలలే టైం ఉంటుంది కాబట్టి థీసిస్‌లో దంతవైద్యం, సైకాలజీ మాత్రమే పెట్టండి. చరిత్రని లైబ్రరీ డిసర్టేషన్‌కి దాచుకోండి. సైకాలజీ వారిని కో-గైడ్‌గా మొదటి రోజే అడగండి, డేటా వచ్చాక కాదు. ఎథిక్స్ కమిటీకి ప్రశ్నలు తెలుగులోనే ఇవ్వండి. వైద్య పరిశోధన వ్యాసాలు వెతికే పబ్‌మెడ్‌లో చరిత్ర పెద్దగా దొరకదు, మన దేశపు థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉండే శోధ్‌గంగలో ఇతర యూనివర్సిటీల చరిత్ర థీసిస్‌లు చూడండి, అనువాదాలు తీసుకుని మూలం ఏ అధ్యాయమో రాసి పెట్టుకోండి.

ఇప్పుడు నాకు సొంత క్లినిక్ ఉంది. కుర్చీకి ఎదురుగా గోడ మీద పెద్ద అంకెల క్యాలెండర్ ఒకటి పెట్టుకున్నాను. పైపన్ను కేసు వస్తే ఇంజక్షన్‌కి ముందు ఒక కన్ను మూసి తేదీ చదవమంటాను, తర్వాత రెండో కన్ను. పని అయ్యాక మళ్ళీ అడగక్కర్లేదు. నోట్లో దూది పెట్టుకునే, వాళ్ళంతట వాళ్ళే చేత్తో ఒక కన్ను మూసుకుని ఆ క్యాలెండర్ వైపు చూస్తారు.