‘ఆంధ్ర పితామహ’లో ఉన్నది ఏ ఆంధ్ర?

ప్రశ్న: మా కాలేజీ గోడపత్రికకు హైదరాబాద్ మేయర్ల మీద వ్యాసం రాస్తున్నాను. మాడపాటి హనుమంతరావు గారిని ఒక చోట ‘ఆంధ్ర పితామహ’ అనీ, ఇంకో చోట ‘ఆంధ్ర పితామహుడు’ అనీ రాశారు. ఏది సరైనది? పితామహుడంటే తాత కదా, తండ్రి అనాలి కదా? తెలంగాణలో పనిచేసిన మనిషికి ‘ఆంధ్ర’ బిరుదేమిటని మా ఫ్రెండ్స్ గొడవ. ‘తెలుగు పితామహుడు’ అని మార్చేస్తే తప్పా? ఆయన్ని ‘తొలి మాజీ మేయర్’ అని రాయవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం: ముందు ‘డు’ సంగతి తేల్చేద్దాం. రెండు రూపాలూ సరైనవే, చోటు వేరు. బిరుదు పేరుకు ముందు చేరితే ప్రత్యయం పోతుంది: ఆంధ్ర పితామహ మాడపాటి హనుమంతరావు, కవిసార్వభౌమ శ్రీనాథుడు. విడిగా చెప్పేటప్పుడు ‘డు’ రావాలి: శ్రీనాథుడు కవిసార్వభౌముడు, మాడపాటి ఆంధ్ర పితామహుడు. మర్యాదకు ‘పితామహులు’ అన్నా బాగుంటుంది. ‘ఆయన ఆంధ్ర పితామహ’ అని వాక్యం ముగిస్తే మాత్రం మొండిగా వినిపిస్తుంది. సినిమా బిరుదులకు డు, ము, వు అంటవు కాబట్టి మనకు ఆ అలవాటు పట్టుకుంది.

పితామహుడంటే తండ్రి తండ్రి, నిజమే. కానీ అది బ్రహ్మకు కూడా పేరు. అమరకోశం బ్రహ్మ పేర్లు చెబుతూ ‘పరమేష్ఠీ పితామహః’ అంటుంది. భారతంలో భీష్ముణ్ణి అందరూ పిలిచేదీ ఆ మాటతోనే. ఒకదానికి ఆద్యుడు, అందరికీ పెద్దదిక్కు అనే రెండు అర్థాలూ బిరుదులోకి అలా వచ్చాయి. అల్లసాని పెద్దనకు ‘ఆంధ్రకవితా పితామహుడు’ అన్న పేరు ముందే ఉంది కాబట్టి, మాడపాటిని అలా పిలిచినప్పుడు తెలుగు చెవికి అది కొత్తగా అనిపించి ఉండదు.

ఇక అసలు చిక్కు ‘ఆంధ్ర’తో. మీ ఫ్రెండ్స్‌ది అర్థం లేని గొడవేమీ కాదు. ఈనాటి అర్థంతో చూస్తే ఆ బిరుదు అడ్డదిడ్డంగానే కనిపిస్తుంది. అయితే బిరుదు పుట్టిన కాలంలో హైదరాబాద్‌లో ‘ఆంధ్ర’ అంటే తెలుగు భాష, తెలుగు మాట్లాడే జనం. 1901లో హైదరాబాద్‌లో పెట్టిన గ్రంథాలయం పేరు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. హనుమకొండలో 1904లో వెలిసింది రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం. ఈ ‘ఆంధ్ర’లకు కోస్తా జిల్లాలతో పనిలేదు.

ఆ మాట ఉద్యమం పేరులోకి ఎలా వచ్చిందో చూడండి. 1921 నవంబరు 12న హైదరాబాద్ వివేకవర్ధని ఆవరణలో సంఘ సంస్కరణ సభ జరుగుతోంది. అధ్యక్షుడు స్త్రీవిద్య కోసం పాటుపడిన మరాఠీ సంస్కర్త మహర్షి కార్వే. వక్తలు ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషుల్లో మాట్లాడారు, ఎవరూ ఏమీ అనలేదు. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గోల, వెక్కిరింతలు. తెలుగువాళ్లే ఎక్కువగా ఉన్న రాజ్యంలో తెలుగుకు దక్కిన గౌరవం అది. ఆ రాత్రే కొందరు టేకుమాల రంగారావు ఇంట్లో కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. దాన్ని ఏళ్ల తరబడి భుజాన మోసినవాడు మాడపాటి.

సంఘానికి ‘నిజాం రాష్ట్ర’ అనే మాట కూడా ముందు తగిలించేవారు. ఈ తగిలింపే మనకు మంచి సాక్ష్యం. ‘ఆంధ్ర’ అనగానే సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న తెలుగువాళ్లంతా గుర్తొచ్చేవారు గనకే, మేము నిజాం రాష్ట్రం వాళ్లమని విడిగా చెప్పుకోవాల్సి వచ్చింది. మాడపాటి తన పుస్తకానికి పెట్టుకున్న పేరు ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’. ఈ రెండు మాటలూ ఒకే అట్ట మీద పక్కపక్కన ఉండటం ఆనాటి పాఠకులకు వింత కాదు.

ఆయన పుట్టింది కృష్ణా జిల్లాలో కాబట్టే ఈ బిరుదు వచ్చిందని వాదించేవాళ్లూ ఉంటారు. అది పొరపాటు. చదువు సూర్యాపేట, హనుమకొండల్లో, వకీలు పని హైదరాబాద్‌లో. ఆయనకు పేరు తెచ్చిన పనులన్నీ ఇక్కడివే. 1928లో నారాయణగూడలో పెట్టిన ఆంధ్ర బాలికల పాఠశాలనే తీసుకోండి. ఆ పేరులో ‘ఆంధ్ర’ అంటే ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి అని. అంతా ఉర్దూమయమైన చదువుల్లో ఉస్మానియా దాన్ని గుర్తించకపోతే, పుణెలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం గుర్తింపు తెచ్చుకున్నారు. తెలుగు మాట్లాడితే గోల జరిగిన సభకు అధ్యక్షత వహించిన ఆ కార్వేదే ఈ విశ్వవిద్యాలయం. మీ వ్యాసంలో ఈ సంగతి వదిలిపెట్టకండి.

మాట అర్థం కుంచించుకుపోయింది ఆయన కళ్లముందే. ఆయన 1951 నుంచి 1954 వరకు మేయరు. 1952 ముల్కీ (స్థానికుల) గొడవల్లో బయటివాళ్ల మీద హైదరాబాద్ వీధుల్లో వినిపించిన నినాదం ‘గైర్‌ముల్కీ గో బ్యాక్’. మరుసటి ఏడు అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ‘ఆంధ్ర పితామహుడు’ మేయరుగా ఉన్న ఊరు అందులో లేదు! అప్పటినుంచి ‘ఆంధ్ర’ ఒక ప్రాంతం పేరుగా బిగుసుకుంటూ వచ్చింది. తర్వాత ఆయనకు 1955లో పద్మభూషణ్ వచ్చింది, 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి అధ్యక్షుడయ్యారు. ఎన్ని పదవులు వచ్చినా జనం నోట నిలిచింది పాత బిరుదే. దాని అర్థమే కాలు జారింది.

కాబట్టి ‘తెలుగు పితామహుడు’ అని మార్చకండి. ఒకరికి జనం పెట్టిన పేరును మనం దిద్దితే అది ఆయన బిరుదు కాదు, మన బిరుదు అవుతుంది. సంస్థల సంగతి వేరు. ఆంధ్ర సారస్వత పరిషత్తు తన పేరు తానే తెలంగాణ సారస్వత పరిషత్తుగా మార్చుకుంది, ఆ హక్కు దానికుంది. మీరు బిరుదును ఉన్నదున్నట్టు రాసి, ‘అప్పట్లో ఆంధ్ర అంటే తెలుగు’ అని పక్కన ఒక్క ముక్క చేర్చండి.

చివరిది ‘మాజీ’. ఉర్దూలో మాజీ అంటే గతం. పదవి దిగినవాణ్ణి వాళ్లు ‘సాబిఖ్’ అంటారు. ‘మాజీ’ని ఆ అర్థంలో మనమూ మరాఠీవాళ్లూ వాడుతున్నాం, తప్పేమీ లేదు. కానీ ‘తొలి మాజీ మేయర్’ అంటే మాజీ అయినవాళ్లలో మొదటివాడని వస్తుంది, ‘మాజీ తొలి మేయర్’ అంటే ఇప్పుడు తొలి మేయర్ ఇంకెవరో అని వస్తుంది. పదవి పోతుంది గానీ తొలిస్థానం పోదు కదా. ‘హైదరాబాద్ తొలి మేయర్’ అంటే చాలు. ఆయన 1970లోనే కన్నుమూశారు కాబట్టి ‘మాజీ’ అవసరమే లేదు.