కుర్చీలో కూర్చున్నవాణ్ణి చూడు

చిరంజీవి తమ్ముడికి,

పర్లాకిమిడి నుంచి ఆశీస్సులు. నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. బరంపురంలో కాలేజీ అయ్యాక సాయంత్రాలు స్నూకర్ పార్లర్‌లో స్కోరు వేసే మార్కర్‌గా చేస్తున్నానని రాశావు. ఆ పని నీ కథకి బాగా ఉపయోగపడింది. అప్పటిదాకా తెలుగులో కబుర్లాడిన కుర్రాడు షాట్ తప్పగానే ఒడియాలో విసుక్కోవడం, టేబుల్ డబ్బు కట్టాల్సిన ఓడినవాడు గంట ఎప్పుడు మొదలైందో అని నీతో వాదానికి దిగడం, ఇలాంటివి బయటి నుంచి రాసేవాడికి దొరకవు. వీటిని ఎవరు కొట్టేయమన్నా కొట్టేయకు.

ఇక అసలు సంగతి. నీ కథలో ఏడుగురు ఆటగాళ్ళున్నారు. ఏడుగురికీ తలా ఒక వింత అలవాటు పంచిపెట్టావు. ఒకడు షాట్‌కి ముందు క్యూని, అంటే ఆడే కర్రని, ముద్దు పెట్టుకుంటాడు, ఒకడు టేబుల్ చుట్టూ ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిరుగుతాడు, ఇంకొకడు గెలిచిన రోజు వేసుకున్న చొక్కా ఉతకనివ్వడు. చదువుతున్నంతసేపూ సరదాగానే ఉంది. కథ మూసేశాక మాత్రం ఒక్కడూ గుర్తు రాలేదు. అలవాటైతే రాశావు, అది ఆ మనిషికి ఎందుకు కావలసి వచ్చిందో రాయలేదు.

స్నూకర్ ఆటగాడు డెన్నిస్ టేలర్ సంగతి నువ్వు వినే ఉంటావు. 1985 ప్రపంచ ఫైనల్లో స్టీవ్ డేవిస్ మీద ఆఖరి ఫ్రేమ్, అంటే ఆఖరి ఆట, ఆఖరి నల్ల బంతితో 18-17 ఫ్రేములకి గెలిచాడు. అతని కళ్ళజోడు తలకిందులుగా పెట్టుకున్నట్టు ఉండేది. చూసినవాళ్ళు నవ్వారు. నువ్వు ఒకసారి మామూలు కళ్ళజోడు పెట్టుకుని, గడ్డం క్యూకి ఆనించి వంగి చూడు. చూపు అద్దంలోంచి పోదు, ఫ్రేమ్ పై అంచు మీంచి పోతుంది. అవతలి బంతి మసకగా కనిపిస్తుంది. వంగినప్పుడు కూడా చూపు అద్దంలోంచే పోవాలని, అద్దాలు కనుబొమల పైదాకా వచ్చేలా చేయించుకున్నాడు. ఆ కళ్ళజోడులో వింత ఏమీ లేదు, ఆట మీద ప్రేమ ఉంది.

కెనడా ఆటగాడు బిల్ వెర్బెనియుక్ కథ ఇంతకన్నా బరువైనది. మ్యాచ్‌కి ముందూ, మ్యాచ్ నడుస్తుండగానూ గ్లాసు మీద గ్లాసు బీరు తాగేవాడు. జనం ఇప్పటికీ ఆ గ్లాసులు లెక్కపెట్టి నవ్వుకుంటారు. అతనికి చేతులు వణికే జబ్బు ఉండేది. ఆ వణుకు ఆపుకోవడానికి తాగేవాడు. తర్వాత వణుకు తగ్గించే మందు వాడితే, ఆ మందుని ఆటలో నిషేధించారు. గ్లాసుల లెక్క మాత్రమే రాసేవాడికి తమాషా దొరుకుతుంది. వణికే చెయ్యి రాసేవాడికి కథ దొరుకుతుంది. నువ్వు రెండోవాడివి కావాలని నా కోరిక.

సరే, మీ పార్లర్‌కి వద్దాం. చాక్ సంగతి తీసుకో. క్యూ కొసన ఉండే తోలు టిప్ నున్నబడితే బంతి మీద జారిపోతుంది, మిస్‌క్యూ అవుతుంది. చాక్ పొడి ఆ తోలుకి పట్టు ఇస్తుంది. అంతవరకూ అది పనిముట్టు. ఒక సాయంత్రం ఒక్క ఆటగాణ్ణి ఎంచుకుని, వాడి చాక్ మాత్రమే గమనించు. తేలిక షాట్ అయితే టిప్ మీద ఒకసారి అలా రాసి వంగిపోతాడు. ఇక నల్ల బంతి ఒక్కటే మిగిలింది, పడితే గెలుపు, పడకపోతే రెండు గంటల టేబుల్ డబ్బు తన జేబులోంచే అన్నప్పుడు చూడు. చాక్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని క్యూని నెమ్మదిగా తిప్పుతాడు. టిప్ మీద ఊదుతాడు. ఊదితే రాసిన పొడి పోయింది కాబట్టి మళ్ళీ రాస్తాడు. చాక్‌ని టేబుల్ అంచు మీద, రాసే వైపు పైకి ఉండేలా పెడతాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి దాన్ని ఇంకాస్త పక్కకి జరుపుతాడు. ముక్కు మీద నీలం అంటుకున్న సంగతి వాడికి తెలియదు. ఆ షాట్‌కి అంత చాక్ అక్కర్లేదు. వంగాల్సిన క్షణాన్ని వెనక్కి నెడుతున్నాడు, అంతే. “వాడికి టెన్షన్‌గా ఉంది” అని మూడు చోట్ల రాశావు. ఆ మూడూ తీసేసి ఈ చాక్ రాయి.

తప్పాక ఏం చేస్తాడో కూడా చూడు. తన చెయ్యి వైపు చూసుకునేవాడు అరుదు. టిప్ చూస్తాడు, క్యూ వంకర పోయిందేమోనని కన్ను దగ్గర పెట్టి చూస్తాడు, గుడ్డ మీద వేలు రాస్తాడు, టేబుల్ వాలిందంటాడు. నీ కథలో ఇక్కడ అందరూ వాణ్ణి చూసి నవ్వుతారు. నవ్వించకు. గోపాల్‌పూర్ సముద్రం మీకు ఎంత దూరమని? వానాకాలంలో గుడ్డ తేమ పీల్చుకుంటే బంతి బరువుగా కదులుతుంది. పెద్ద టోర్నమెంట్లలో టేబుల్ పలకరాయి కింద హీటర్లు పెట్టేది గుడ్డ పొడిగా ఉండాలనే. పైగా స్నూకర్ గుడ్డకి నూగు ఉంటుంది, మెల్లగా కొట్టిన బంతిని అది కాస్త పక్కకి లాగుతుంది. కాబట్టి వాడి ఫిర్యాదులో నిజం ఉండొచ్చు. తప్పు చేతిదో గుడ్డదో పాఠకుడికి కూడా తేలకపోతే ఆ సన్నివేశం నిలబడుతుంది.

వీటన్నిటికన్నా నాకు ముఖ్యమైన మాట ఒకటుంది. నీ చూపంతా వంగిన ఆటగాడి మీదే ఉంది. కుర్చీలో కూర్చున్నవాణ్ణి నువ్వు అసలు పట్టించుకోలేదు. కబడ్డీలో అవతలివాడు కూతకి వస్తే నువ్వు కాచుకోవాలి. క్రికెట్‌లో అవతలివాడు కొడుతుంటే నువ్వు పరిగెత్తాలి. స్నూకర్‌లో అవతలివాడు టేబుల్ దగ్గరున్నంతసేపూ నీ చేతిలో ఏమీ ఉండదు. కూర్చుని చూడాలి. తన ఓటమిని ఒక్కో బంతి చొప్పున చూడాలి. అలాంటప్పుడు మనిషి చేతులు ఊరుకోవు. క్యూని గుడ్డతో పై నుంచి కిందికి తుడుస్తాడు, నీళ్ళు తాగకుండానే గ్లాసు ఎత్తి దించుతాడు, బూటు లేసు విప్పి మళ్ళీ కడతాడు, ఫోన్ తీసి ఏదీ చూడకుండా లోపల పెడతాడు. సగం వింత అలవాట్లు పుట్టేది ఆ కుర్చీలోనే.

2005 ప్రపంచ పోటీల క్వార్టర్ ఫైనల్ గురించి చెబుతాను. రోనీ ఓసులివాన్ ఎంత వేగంగా ఆడతాడో నీకు తెలుసు. 1997లో, ఒక ఫ్రేమ్‌లో గరిష్ఠమనుకునే 147 పాయింట్లూ ఐదు నిమిషాల చిల్లరలో ముగించినవాడు. ఈ మ్యాచ్‌లో ఎదురుగా పీటర్ ఎబ్డన్. ఒక దశలో ఎబ్డన్ 12 పాయింట్ల బ్రేక్‌కి, అంటే ఒకే వంతులో వరసగా చేసిన 12 పాయింట్లకి, ఐదు నిమిషాలకు పైగా తీసుకున్నాడు. ఓసులివాన్ కుర్చీలో కూర్చుని నుదురు గోక్కున్నాడు, ప్రేక్షకుల్లో ఒకరిని టైమెంతయిందని అడిగాడు. 8-2 ఆధిక్యంలో ఉన్నవాడు 13-11తో ఓడిపోయాడు. టేబుల్ మీద పడిన బంతుల్ని వరసగా రాసినా నాకు ఆ మ్యాచ్ అర్థమయ్యేది కాదు. టైమెంత అన్న ఆ ఒక్క ప్రశ్నతో అర్థమైంది. అదే ఎబ్డన్‌కి రంగులు సరిగ్గా తెలియవు, ఎర్ర బంతో బ్రౌనో రెఫరీని అడిగి తెలుసుకునేవాడు. అవతలివాడికి చిరాకు పుట్టించే నిదానంలో కూడా ఒక్కోసారి ఇలాంటి కారణం దాగి ఉంటుంది. ఇద్దరి పక్షానా నిలబడగలిగితే ఆ మ్యాచ్‌ని నువ్వు రాయగలవు.

పూల్ వాళ్ళ గురించి కూడా రాయాలని ఉందన్నావు. రాయి. కానీ జాగ్రత్త. ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ పూల్‌లో ఒక రకమైన నైన్‌బాల్‌లో మూడుసార్లు ప్రపంచ విజేత. చేతికి బరువులు కట్టుకుని, వేళ్ళకి పొడుగు తొడుగులు వేసుకుని, చెవులు మూసుకుని ఆడాడు, ప్రేక్షకులతో గొడవపడ్డాడు. ఇవన్నీ నిజాలే. కథలో ఒకే మనిషికి ఇన్నీ పెడితే మాత్రం ఎవరూ నమ్మరు. ఒకటి ఎంచుకో, దాన్ని చివరిదాకా తీసుకెళ్ళు.

చిన్న సవరణ ఒకటి. అదృష్టం కొద్దీ బంతి పడినప్పుడు నీ ఆటగాడు గంతులేస్తాడు. స్నూకర్ తెలిసినవాడు అలా చెయ్యడు, ఒక చెయ్యి కాస్త ఎత్తి మన్నించమంటాడు. లోపల సంతోషం, బయట క్షమాపణ. ఈ రెంటినీ ఒకే వాక్యంలో పట్టుకోవడానికి ప్రయత్నించు.

మా ఊళ్ళో మాస్టారుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవరలనే గిరిజనుల మాట వాళ్ళ నోటి నుంచే విని నేర్చుకున్నారు. ఆ తర్వాతే వాళ్ళకి వాచకాలు రాశారు, నిఘంటువు కూర్చారు. అంత ఓపిక మనందరికీ ఉండకపోవచ్చు గానీ, ఒక కథకి సరిపడా ఓపిక నీకుంది. టేబుల్ పక్కన నిలబడి స్కోరు వేసేవాడిని ఎవరూ గమనించరు. నీ ముందు ఎవరూ నటించరు. ఇంతకన్నా మంచి చోటు రాసేవాడికి ఎక్కడ దొరుకుతుంది?

అందుకే ఇంకొక మాట. వాళ్ళు నిన్ను నమ్మి నీ ముందు మామూలుగా ఉంటున్నారు. మీ పార్లర్‌కి వచ్చే పట్టుచీరల దుకాణం ఆయన తన చేతి వణుకుని అచ్చులో చూసుకుంటే మళ్ళీ ఆ మెట్లెక్కడు. దుకాణం మార్చు, వయసు మార్చు, ఊరు కూడా మార్చు, రాయగడ అను, జయపురం అను. వణుకు మాత్రం మార్చకు.

నీ కథలో మార్కర్ లేడు! ఏడుగురి అలవాట్లూ చూసినవాడు, ఎర్రబంతుల్ని ముక్కోణంలో పేర్చినవాడు, ఫౌల్ అయిందో లేదో చెప్పి తిట్లు తిన్నవాడు కథ బయట ఎందుకున్నాడు? ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయిస్ చిన్నప్పుడు బంధువుల పూల్ హాల్లో పనులు చేసి, రాత్రి టేబుల్ మీదే పడుకున్న పిల్లాడు. టేబుల్ అందక కూల్‌డ్రింక్ పెట్టెల మీద నిలబడి ఆడేవాడు. హాల్ మూసేశాక నువ్వూ ఒంటరిగా రెండు బంతులు కొడతావని ఉత్తరంలో ఒక మూల రాశావు. అప్పుడు నీ చేతులు ఏం చేస్తాయి? చాక్ ఎన్నిసార్లు రాస్తావు? ఎవరి నడక నీకు అంటుకుంది? అది రాయి.

ఏడుగురిలో ఇద్దరిని ఉంచు, వాళ్ళ పక్కన మార్కర్‌ని నిలబెట్టు. ఆ ఇద్దరూ ఎవరో ముందు ఫోన్‌లో చెప్పు, తర్వాత రాయడం మొదలుపెట్టు. వచ్చే నెల పనిమీద బరంపురం వస్తున్నాను. కొత్త ప్రతి తయారైతే పార్లర్‌కే వచ్చి తీసుకుంటాను.

నీ మేలు కోరే
అన్నయ్య