కొట్టేసిన వాక్యం గురించి

నల్లగొండ

బిడ్డా,

కొప్పోలా తీసిన 1992 నాటి డ్రాకులా సినిమా మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. పన్నెండు పేజీల్లో తొమ్మిది పేజీలు ఎవరు ఏ పాత్రకు సరిపోయారు, ఎవరు సరిపోలేదు అన్న లెక్కే. కౌంట్ డ్రాకులా వేసిన గ్యారీ ఓల్డ్‌మన్‌కు మూడున్నర, వినోనా రైడర్‌కు మూడు, కియాను రీవ్స్‌కు ఒకటి. ఈ మార్కులు వేసే జబ్బు గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది, వదిలేస్తున్నా.

"నేను ఊహించుకున్న కౌంట్ ఇతను కాదు" అని నాలుగు చోట్ల రాశావు. మరి ఎవరు? ఆ మనిషిని ఒక్కసారీ చూపించకుండా ఇతను కాదంటే నేనెట్లా నమ్మాలి?

నేను 'డ్రాకులా' చదివింది ఇంటర్‌లో. ఇంగ్లిషు సగం అర్థం కాలేదు. కానీ పొడుగాటి తెల్ల మీసంతో ముసలాయన దీపం పట్టుకొని కోట తలుపు తీయగానే ఎవరో తెలిసిపోయింది. మా ఊరి దొర. ట్రాన్సిల్వేనియా కోట మా ఊరి గడి. దాని ముందు మా నాయిన చెప్పులు చేతబట్టుకొని నడిచేవాడు. తాత చేసిన వెట్టి కథలు విన్నవాణ్ణి, రక్తం తాగడం నాకేమీ కొత్తగా అనిపించలేదు. చాలా ఏళ్లకు 1931 నాటి సినిమా చూస్తే, కౌంట్ వేసిన బెలా లుగోసీకి మీసమే లేదు! డ్రాకులా అంటే ఆయనే అంటుంది లోకం. నాకు మాత్రం దొర ఇంటికి వచ్చిన పట్నం అల్లుడిలా కనిపించాడు.

ఆ దొరనే నా మొదటి కథలో పెట్టాను. ఒక వారపత్రిక ఎడిటర్ దొరను జమీందారు చేశాడు, గడిని బంగళా చేశాడు, మా అమ్మ నూరే ఎల్లిగడ్డను వెల్లుల్లి చేశాడు. అచ్చయిన కథ అమ్మకు చదివి వినిపిస్తే, "మంచిగుంది, ఏ ఊరి కథ?" అన్నది. ఆ ఎడిటర్ పోయి చాలా ఏళ్లయింది. నా కోపం పోలేదు.

నీకు ఎడిటర్ కూడా అక్కర్లేదు, నువ్వే కొట్టేసుకుంటున్నావు. పదో పేజీలో రెండు గీతలు గీసిన వాక్యాన్ని ఎండకు పట్టి చదివాను. డ్రాకులా దగ్గరికి రాకుండా లూసీ అనే అమ్మాయి గదిలో డాక్టర్ వాన్ హెల్సింగ్ ఎల్లిగడ్డ పూలు పెట్టించే ఘట్టం చదివిన రాత్రి, భయమై నాయనమ్మ పక్కలో దూరావు. "దయ్యమొస్తే నన్ను చూసే పారిపోతది, పండుకో" అన్నదామె. ఇది ఎందుకు కొట్టేశావు? సినిమా వ్యాసంలో నాయనమ్మ ఏమిటని సిగ్గుపడ్డావా? నవలలో ఆ పూలు తీసేసి కిటికీ తెరిచింది లూసీ కన్నతల్లే. బిడ్డకు గాలి ఆడటం లేదని, ప్రేమతోనే. ఆ తల్లి పక్కన నీ నాయనమ్మను నిలబెట్టి ఉంటే, కియాను రీవ్స్ యాస మీద రాసిన రెండు పేజీలు నువ్వే చింపేసేదానివి.

1992 సినిమా నవలకు ద్రోహం చేసిందన్నావు. పేరులోనే నవల రాసిన బ్రామ్ స్టోకర్‌ను పెట్టుకొని, నాయిక మీనాను కౌంట్ పూర్వజన్మ భార్యను చేశారు. 1897 నవలలో ఆ ముచ్చటే లేదు, నిజమే. కానీ కొప్పోలా తనకు కనిపించినవాణ్ణి తీసుకున్నాడు. నవలంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములే కదా, అందులో కౌంట్‌కు మాత్రం ఒక్క డైరీ లేదు. అందరూ అతన్ని చూసి రాసినవాళ్లే. నువ్వూ చూశావు. మీ దేవరకొండలో, ఏ రేకుల ఇంట్లో, ఏ మొహంతో చూశావో రాయి.

కౌంట్ బల్లిలా గోడ మీద తలకిందులుగా పాకే చోటు బాగా రాశావు. తెలుగులో తీస్తే ఎవరు సరిపోతారని, ఏ పత్రికకు పంపాలని అడిగావు, అవి తర్వాత చూద్దాం.

కాగితాలు తిరిగి పంపుతున్నా. పదో పేజీ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నా. ఆ రాత్రి నాయనమ్మ ఇంకేమన్నదో ఆమెనే అడుగు. నా దండాలు చెప్పు.